చుక్క కారని పెట్టెలు

మా మామగారికి నేనంటే గిట్టదు. ఆయనంటే నాకూ గిట్టదు. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ పేచీ రాలేదు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆయన నన్ను ఎగాదిగా చూసి, మా ఆయనతో, "చేతులు మెత్తగా ఉన్నాయిరా, పనికి రావు" అన్నాడు. నా ఎదురుగానే, నేనక్కడ లేనట్టే అన్నాడు. ఆ తర్వాత నాతో ఏం చెప్పాలన్నా మా ఆయన మీదుగానే చెప్పాడు. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటున్నా, "మీ ఆవిడని ఉప్పు ఇటు జరపమను" అనేవాడు. నేనూ తక్కువ తినలేదు. "ఉప్పు ఆయన మోచేతి దగ్గరే ఉందని మీ నాన్నగారికి చెప్పండి" అనేదాన్ని. మధ్యలో మా ఆయన, నోట్లో నాలుక లేని మనిషి, ఉప్పుగిన్నె అటూ ఇటూ జరుపుతూ అన్నం చల్లార్చుకునేవాడు.

రేవులో అందరూ ఆయన్ని చుక్క మేస్త్రి అంటారు. ఆ పేరు విని కొత్తవాళ్ళు ఆయన్ని మందు షాపు దగ్గర వెతికిన సందర్భాలున్నాయి. నిజానికి ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. చెక్క పడవలు చేసేవాడు. "నా పడవలో చుక్క కారదు" అన్నది ఆయన ఊతపదం. అదే పేరై కూర్చుంది.

ఆ మాటలో అబద్ధం లేదని నేను కూడా ఒప్పుకుంటాను. పడవ బాగుందో లేదో చూడాలంటే ఎవరైనా నీళ్ళలోకి దింపుతారు. ఈయన పద్ధతి తలకిందులు. పడవని షెడ్డులోనే దిమ్మెల మీద నిలబెట్టి, లోపల నిండా నీళ్ళు పోసి, తాను వెళ్ళి దాని కింద వెల్లకిలా పడుకునేవాడు. పలకల సందుల్లో నూలు కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూసిన చోటల్లా కళ్ళప్పగించి చూస్తూ గంటల తరబడి అలాగే ఉండేవాడు. ఒక్క చుక్క మొహం మీద పడిందా, ఆ పలక ఊడబీకి పని మళ్ళీ మొదటికి తెచ్చేవాడు. పడకపోతే లేచి, ఒళ్ళు దులుపుకుని, ఇనప ముద్ర నిప్పుల్లో ఎర్రగా కాల్చి పడవ అడుగున ఒక్క నొక్కు నొక్కేవాడు. చిన్న పడవ బొమ్మ, బొటనవేలంత. ఆ ముద్ర ఉన్న పడవని రేవులో ఎవరూ మళ్ళీ పరీక్ష చేయరు.

ముద్ర విషయంలో ఆయనకి తన పర అన్న భేదం లేదు. మా ఆయన మొదటిసారి ఒంటిచేత్తో కట్టిన పడవలో ఎక్కడో ఒక మూల చెమ్మ తగిలిందని ముద్ర వేయకుండానే పంపించేశాడు. ఇప్పటికీ ఆ పడవ మాట వస్తే మా ఆయన మొహం పక్కకి తిప్పుకుంటాడు.

తర్వాత ఫైబర్ పడవలొచ్చాయి. తేలిక, రంగురంగులు, నెలల తరబడి ఎదురుచూడక్కర్లేదు. చెక్క పడవ కావాలని వచ్చే మనిషి లేకుండా పోయాడు. మామగారు మాత్రం రోజూ పొద్దున్నే షెడ్డు తెరిచి, చెత్త లేని నేల ఊడ్చి, వాడని ఉలులకి నూనె రాసి, ఖాళీ దిమ్మెల ఎదురుగా కూర్చునేవాడు. మా ఆయన బల్లలూ తలుపులూ బాగుచేసి ఇల్లు నెట్టుకొచ్చేవాడు. ఆ రోజుల్లో నర్సరీ నడిపే ఒకావిడ, మొక్కలు పెంచే చెక్క పూలపెట్టెలు పుచ్చిపోయినవి కొన్ని తెచ్చి, బాగవుతాయా అని అడిగింది. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను వాటిని పెరట్లోకి తీసుకుపోయి ఒక్కొక్కటీ విప్పి చూశాను.

చెక్క ఎక్కడ చచ్చిందో విప్పితే తెలిసిపోతుంది. పక్క పలకలు నిక్షేపంగా ఉన్నాయి. కోసిన కొసలు మాత్రం తడిసిన రొట్టెలా చేతిలో విరిగిపోయాయి. నీళ్ళు తాగేది కొసలే, రంగు వేసేవాడు మర్చిపోయేదీ కొసల్నే. అడుగు పలకలు నేలకి ఆనుకుని కుళ్ళాయి. లోపల ఎవరో మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచారు గానీ, దానికి చిల్లులు పెట్టలేదు. దాంతో నీళ్ళు మట్టిలోనే మురిగి, మేకుల సందుల్లోంచి దిగి చెక్కని తినేశాయి. ఆ విప్పిన చెక్కలే నాకు పని నేర్పాయి. మామగారు నేర్పలేదు. అడిగి ఉంటే నేర్పేవాడేమో. నేను అడగలేదు.

కొసలకి అవిసె నూనె తాగినంత తాగించడం, ఆరాక మళ్ళీ పట్టించడం నా పద్ధతి. లోపలి వైపు తారు పూత. దాని మీద నల్ల షీటు, మూలల దగ్గర కత్తిరించకుండా కొత్త పుస్తకానికి అట్ట వేసినట్టు మడతపెట్టి, పై అంచుకి కాస్త దిగువన పిన్నులు కొట్టేదాన్ని. మట్టి పోశాక షీటు కంటికి కనపడకూడదు. అడుగున నాలుగు మూలలా కాళ్ళు, గాలి ఆడటానికి. అన్నిటికన్నా ముఖ్యం అడుగు పలకకి చిల్లులు. వాటికి సరిగ్గా ఎదురుగా షీటుకీ చిల్లులు. పోసిన నీళ్ళలో మొక్క తాగగా మిగిలినవి దారి చూసుకుని పోవాలి.

ఆ చిల్లుల దగ్గరే మామగారికీ నాకూ అసలు యుద్ధం మొదలైంది. నేను మొదటి పెట్టె పూర్తి చేసి షెడ్డులో పెట్టగానే ఆయన లేచి వచ్చి, చెప్పాపెట్టకుండా దాన్ని దిమ్మెల మీదకి ఎత్తి బిందెడు నీళ్ళు కుమ్మరించాడు. నీళ్ళు అడుగు నుంచి ధారలు కట్టాయి. ఆయన ఆ ధారలకేసి, ఆ తర్వాత మా ఆయనకేసి చూశాడు.

"మీ ఆవిడ జల్లెడ చేసిందిరా. పిండి జల్లించుకోమను."

"పూలమొక్కలు ఈత కొట్టవని మీ నాన్నగారికి చెప్పండి" అన్నాను.

"ఈ షెడ్డులో పుట్టిన దేనికీ ఇంతవరకు చిల్లు లేదు."

"ఈ షెడ్డులో ఏదైనా పుట్టి ఎన్నాళ్ళయిందో కూడా అడగండి."

మామగారు బిందె అక్కడే వదిలేసి వెళ్ళి తన ఉలుల దగ్గర కూర్చున్నాడు. నా మాట తగలాల్సిన చోటే తగిలిందని నాకు తెలిసింది. సంతోషించాను. దాచుకోవడం ఎందుకు.

పెట్టెలు అమ్ముడయ్యాయి. నర్సరీ ఆవిడ మొక్కలు పెట్టి అమ్ముకునేది, మళ్ళీ వచ్చేది. షెడ్డులో మళ్ళీ రంపం చప్పుడు మొదలైంది. అన్నం పెట్టేది నా పెట్టెలే. అయినా నా కడుపు మంట చల్లారలేదు. ఎందుకంటే నాకు కావలసింది వేరే ఉంది. ఆ ముద్ర కావాలి. నా పెట్టె అడుగున బొటనవేలంత పడవ బొమ్మ కావాలి. ఎవరూ తిరగేసి చూడరు, నాకు తెలుసు. నాకోసమే కావాలి. మెత్తటి చేతులు పనికి రావన్న నోటితోనే, ఇది ఈ షెడ్డు పనే అని ఒప్పించాలి.

ఒకసారి మా ఆయన చేత అడిగించాను. "పెట్టెకి ముద్రేంట్రా, మతి పోయిందా" అన్నాడట. సరే, పెట్టెకి వేయడు కాబోలు, పడవలకే వేస్తాడు కాబోలు అని సరిపెట్టుకున్నాను. ఆ తర్వాత ఎదురింటివాళ్ళు కుక్కకి గూడు చేసిపెట్టమంటే ఆయనే స్వయంగా చేశాడు. వానకి చుక్క లోపలికి రాలేదని పరీక్ష చేసి మరీ గూటి నెత్తిన ముద్ర కొట్టాడు. ఆ కుక్క రోజూ నేను వీధిలోకి రాగానే గూట్లోంచి తల బయటపెట్టి నన్ను చూసేది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. పాపం, కుక్క ఏం చేసింది.

పోయిన వానలకి ముందు నర్సరీ ఆవిడ పెద్ద పనే తెచ్చింది. కొత్తగా కట్టిన ఆసుపత్రి వసారాల నిండా పూలపెట్టెలు కావాలి. "ఇవి బాగుంటే ఇక నా పెట్టెలన్నీ నీవే. బాగాలేకపోతే ఫ్యాక్టరీ ప్లాస్టిక్ తొట్లు తెప్పించుకుంటాను, మొహమాటపడను" అని ముందే చెప్పింది. ఆవిడ మాట ఎప్పుడూ పుల్లవిరుపే. నేను కళ్ళలో ఒత్తులు వేసుకుని పని చేశాను. నా చేతుల మీదుగా అంత మంచి పని అంతకు ముందు జరగలేదు. కొసలు నూనె తాగి తాగి ఇక చాలన్నట్టు మెరిశాయి. మూలల మడతలు ఎక్కడా ఉబ్బలేదు. చిల్లులన్నీ పెట్టి, నూనె ఆరడానికి పెట్టెలన్నిటినీ షెడ్డులో బోర్లించాను.

సరిగ్గా అప్పుడే మా అమ్మ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుందని కబురొచ్చింది. మా ఆయనా నేనూ పరుగెత్తాం. తిరిగి వచ్చేసరికి షెడ్డు ఖాళీ. నర్సరీ బండి వచ్చిందట, మామగారే దగ్గరుండి ఎక్కించి పంపాడట.

"మీ నాన్నగారు నా పెట్టెలు ఎక్కించారా?" అన్నాను మా ఆయనతో. నాకు నమ్మకం కలగలేదు.

"ఏదో మనసు మారి ఉంటుందిలే. ప్రతిదానికీ అనుమానమేనా నీకు?"

మామగారు దిమ్మెల దగ్గర కూర్చుని ఉలికి నూనె రాసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

వానలు పడ్డాయి. ఆ వెనకే నర్సరీ ఆవిడ ఫోను చేసింది. మొక్కల ఆకులు పచ్చబడ్డాయని, మట్టి కంపు కొడుతోందని, పెట్టె నిండా నీళ్ళు నిలబడ్డాయని, ఆసుపత్రి వాళ్ళు తన మొహం మీదే తిట్టారని చెప్పింది.

"చిల్లులున్నాయండీ. ఒక్కొక్కటీ నా చేత్తో పెట్టాను. మీ మాలి రోజంతా నీళ్ళు పోస్తూ కూర్చుంటే నా పెట్టె ఏం చేస్తుంది?" అన్నాను. అంత ధీమాగా అన్నాను.

"వచ్చి చూసి మాట్లాడు."

వెళ్ళాను. మా ఆయనని కూడా లాక్కెళ్ళాను, సాక్ష్యానికి. నర్సరీ వాకిట్లో నా పెట్టెలు వరసగా ఉన్నాయి, మొక్కలు వేళ్ళాడిపోయి. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పనివాళ్ళందరూ పని మానేసి చూస్తున్నారు. మాలి మరీ దగ్గరగా వచ్చాడు. ఫోన్లో నేనన్న మాట అతనికి చేరినట్టుంది.

"చూపించు నీ చిల్లులు" అంది ఆవిడ.

మా ఆయనా నేనూ ఒక పెట్టెలోని బురదంతా ఎత్తిపోసి తిరగేశాం. అడుగున చిల్లులు లేవు. నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను. గోటితో గీకుతూ పోతే సన్నని గుండ్రటి గీత తగిలింది. చిల్లులో చెక్క బిరడా దిగ్గొట్టి, పలక పోగులకి దాని పోగులు కలిసేలా తిప్పి, అంచు వరకు నున్నగా కోసి, మీద గుగ్గిలం పూశారు. ప్రతి చిల్లుకీ అంతే. అంత శుభ్రంగా చిల్లు మూయగల చెయ్యి ఈ రేవు మొత్తం మీద ఒక్కటే ఉంది. బిరడాల మధ్య, పలక నట్టనడుమ, పడవ ముద్ర ఉంది.

మా ఆయన మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. "నాన్న" అన్నాడు, అంతే. నేను రెండో పెట్టె తిరగేశాను. ముద్ర ఉంది. మూడోది. ఉంది. అన్నిటికీ ఉంది. నేను ఇన్నేళ్ళు కోరుకున్నది అది. కన్నకొడుకు పడవకే వేయని మనిషి, నా పెట్టెల చుట్టూ తిరిగి, తడిమి, మడతలు చూసి, కొసలు నొక్కి చూసి ఉంటాడు. బాగా లేకపోతే ఆ ఇనుము నిప్పుల్లో పెట్టడు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ వాకిట్లో, మాలి నవ్వు చూస్తూ, నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషానికి నా మీద నాకే అసహ్యం వేసింది.

"పూలపెట్టెలు చేయమంటే నీళ్ళ తొట్లు చేశావు. చిల్లులు పెట్టి రెండు రోజుల్లో తెస్తే సరి, లేకపోతే మళ్ళీ నీ మొహం చూపించకు" అంది నర్సరీ ఆవిడ. మాలికి క్షమాపణ చెప్పి పెట్టెలు బండికెక్కించాను.

షెడ్డు ముందు బండి ఆగగానే మామగారు లేచి నిలబడ్డాడు. పెట్టెలు వెనక్కి రావడం చూసి ఆయన మొహం నల్లబడింది. తన ముద్ర ఉన్న వస్తువు తిరిగి రావడం ఆయన జన్మలో అదే మొదలు.

"ఎక్కడైనా కారిందా?" అన్నాడు.

"కారలేదు నాన్నా. అదే వచ్చిన చావు. మొక్కలన్నీ కుళ్ళిపోయాయి" అన్నాడు మా ఆయన. అంత గొంతు ఆయనకుందని నాకు ఆ రోజే తెలిసింది. "ఎవరు మూయమన్నారు నిన్ను? దాని కష్టమంతా బూడిదపాలు చేశావు. రేపటి నుంచి ఈ షెడ్డు గుమ్మం తొక్కొద్దు నువ్వు."

మామగారు కొడుకు మాట విననట్టే నావైపు తిరిగాడు. మధ్యలో మా ఆయన లేకుండా నాతో నేరుగా మాట్లాడాడు.

"ముద్ర కావాలన్నావు."

"అన్నాను."

"వేశాను. ముద్ర వేసినదాంట్లోంచి చుక్క కారకూడదు. అందుకే మూశాను."

"అది పూలపెట్టె మామయ్యా. కారాలి."

"అయితే అది నా ముద్ర వేయాల్సిన వస్తువు కాదు. తప్పు నాదే. వేయకుండా ఉండాల్సింది."

ఆయన నన్ను తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

"చిల్లులు పెట్టుకో. ముద్ర తీసేసి పెట్టుకో. ఆ రెండూ ఒక పలక మీద ఉండవు" అన్నాడు.

"నువ్వు పట్టించుకోకు. ముద్ర పక్కనే చిల్లు పెట్టేద్దాం. అడుగున ఎవరు చూస్తారు?" అన్నాడు మా ఆయన నాతో.

నిజమే, ఎవరూ చూడరు. ఉంచుకోవచ్చు. ముసలాయన ఏం చేయగలడు? కానీ ఆయన వేసిన ముద్ర నాకు కావాలి గానీ, ఆయన వద్దన్న ముద్ర నాకెందుకు? కుక్క గూటికి దక్కిన మర్యాద దొంగతనంగా దాచుకోవాలా? నేను గోడకి తగిలించిన చిత్రిక తీసుకున్నాను.

"ఆయన్ని షెడ్డులోంచి పంపకండి. కళ్ళారా చూడనివ్వండి" అన్నాను మా ఆయనతో.

మొదటి పెట్టె బోర్లించి ముద్ర మీద చిత్రిక పట్టాను. అది చెక్కని పీకింది, కోయలేదు. మామగారు రెండంగల్లో వచ్చి నా చేతిలోంచి చిత్రిక లాక్కున్నాడు. ఆపడానికనుకున్నాను. ఆయన అందులోని అలుగు ఊడదీసి, సానరాయి మీద నీళ్ళు చల్లి, ఓపిగ్గా పదును పెట్టి, బొటనవేలి మీద ఆనించి చూసుకుని, మళ్ళీ బిగించి నా చేతికిచ్చాడు.

"మొద్దుబారింది. దీంతో తీస్తే పలక పాడవుతుంది" అన్నాడు.

ఒక్కొక్క పెట్టె ముద్రా తీశాను. మసి రంగు పొరలు చుట్టలు చుట్టుకుని నా కాళ్ళ మీద పడ్డాయి. ఒక్కో పెట్టె అవగానే ఆయన వంగి అడుగున అరచేత్తో నెమ్మదిగా తడిమేవాడు, పడవల్ని తడిమినట్టే. ఎక్కడైనా నలుపు మిగిలితే వేలితో చూపించేవాడు. నేను మళ్ళీ చిత్రిక పట్టేదాన్ని. మా ఆయన చూడలేక గుమ్మంలో అటు తిరిగి నిలబడ్డాడు. మా ఇద్దరికీ మధ్య మనిషి లేకుండా, మాట లేకుండా అంత సేపు పని సాగడం అంతకు ముందెప్పుడూ లేదు.

చివరి పెట్టె మీద ఆయన చెయ్యి చాలాసేపు ఉండిపోయింది. కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమాడు.

"మచ్చ కూడా లేదు. బాగా చేశావమ్మా" అన్నాడు.

ఇన్నేళ్ళలో నా పనిని ఆయన మెచ్చుకోవడం అదే మొదలు. నా మనసు కరిగిందని అనుకునేరు. నాకు ఒళ్ళంతా మంటెత్తింది. ఆయన మెచ్చింది నా పెట్టెని కాదు, తన ముద్ర చెరిపిన తీరుని. చిత్రిక ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, డ్రిల్లు మిషను అందుకుని, ఆయన చెయ్యి ఇంకా ఆ పలక మీద ఉండగానే పక్కనున్న పెట్టెకి మొదటి చిల్లు పెట్టాను. బిరడా పొడిపొడిగా రాలింది. రెండో చిల్లు మొదలుపెట్టేసరికి ఆయన చెవులు మూసుకుని బయటికి నడిచాడు. నేను ఆపలేదు.